యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (జనవరి 12, 1895 - ఆగష్టు, 1948) జీవరసాయన శాస్త్రములో, ఔషధ పరిశోధనలో ప్రపంచ ప్రసిద్ధి పొందిన తెలుగు వైద్య శాస్త్రజ్ఞుడు. రక్తములోని భాస్వరాన్ని (ఫాస్ఫరస్) కొలిచే పద్ధతిని, కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, జీవకణాలకు శక్తినిచ్చే ఏ.టీ.పీ.ని కనుగొన్న ఇద్దరిలో ఈయన ఒకడు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో ఈయన నాయకత్వములోని బృందము ఫోలిక్ ఆమ్లమును సంశ్లేషణ చేసింది. దానికి విరోధులైన అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులను, బోదకాలుకు వాడే హెట్రజాన్‌ను కూడా ఆ ప్రయోగశాలలే వెలువరించాయి. కాన్సర్ కొరకు పుట్టిన మెథోట్రెక్సేట్ తరువాతి కాలములో కీళ్ళవాతము, సోరియాసిస్, చిన్న రక్తనాళాల శోథ (వాస్కులైటిస్) వంటి స్వయం రోగనిరోధక వ్యాధుల చికిత్సలో ముఖ్య స్థానము పొందింది. భాస్వరపు కొలత మూత్రపిండ వ్యాధిగ్రస్తుల రక్తపరీక్షలలో నేటికీ ఒక భాగము.

బాల్యము, కుటుంబము

సుబ్బారావు పశ్చిమ గోదావరి జిల్లా భీమవరములో ఒక నియోగి బ్రాహ్మణ కుటుంబములో జన్మించాడు. తండ్రి జగన్నాథము రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి వెంకమ్మ. అనారోగ్యము వలన తండ్రి ముందుగానే ఉద్యోగము నుండి విరమించవలసి రావడంతో ఏడుగురు పిల్లలున్న ఆ కుటుంబము ఆర్థికంగా చితికిపోయింది. బాల్యములో సుబ్బారావుకు చదువుపై అంతగా ఆసక్తి ఉండేది కాదు. డబ్బు సంపాదించాలని కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మాలన్న ఆలోచనతో ఇల్లు విడిచి బయలుదేరాడనీ, దారిలోనే పట్టుకుని వెనుకకు తెచ్చారనీ జీవితచరిత్రకారులు వ్రాసారు. కుమారుని ఎట్లాగైనా చదివించాలన్న పట్టుదల తల్లి వెంకమ్మది. రాజమండ్రిలో చదువు సరిగా సాగక, చివరకు మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాల నుండి మూడవ ప్రయత్నములో మెట్రిక్యులేషను ఉత్తీర్ణుడయ్యాడు.

పిమ్మట మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తి చేసాడు. ఆ రోజులలో సన్యాసము స్వీకరించి రామకృష్ణ మఠములో చేరాలని ఈయన కోరిక. వైద్యము చదివితే ప్రజలకు ఎక్కువ సేవ చేయవచ్చునన్న మఠము వారి సలహాతో మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు.

వైద్య విద్య

వైద్య విద్యకు మిత్రులతో పాటు కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆర్థిక సహాయము చేసాడు. ఆయన కుమార్తె శేషగిరితో 1919లో సుబ్బారావు వివాహము జరిగింది. గాంధీజీ పిలుపు మేరకు విదేశీ వస్త్రాలను వదలి, శస్త్రచికిత్స గదిలో కూడా ఖద్దరు దుస్తులు ధరించినందువలన శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్ ఆగ్రహానికి గురయ్యాడు. వ్రాత పరీక్షలలో బాగా రాణించినా ఈయనకు ఎం.బి.బి.ఎస్. పట్టా రాలేదు. అంతకన్నా తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించింది. ఈ కారణముచేత మద్రాసు వైద్య సర్వీసులో ప్రవేశము పొందలేకపోయాడు.

ఈ కాలములోనే కుటుంబాన్ని ఒక పెద్ద విషాదము కుదిపివేసింది. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధితో ఈయన సోదరులు ఇద్దరు కొద్దిరోజుల తేడాతో మరణించారు. తిన్న ఆహారములోని పోషకాలను ప్రేగులు గ్రహించలేకపోవడం, తీవ్రమైన రక్తహీనత ఈ వ్యాధి లక్షణాలు. కొంతకాలానికి అదే వ్యాధి సుబ్బారావుకూ సోకింది. ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నాడు. తరువాత ఆయన నడిపిన ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్ర అధ్యాపకునిగా చేరాడు. రోగాన్ని కుదిర్చే పదార్థము మందులో ఏది, అది శరీరములో ఏమి చేస్తుంది అన్న ప్రశ్న ఈయనను ఆనాటి నుండి వదలలేదు.

అమెరికా ప్రయాణము

మామగారి ఆర్థిక సహాయము, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీ తోడు కాగా సుబ్బారావు 1920ల తొలినాళ్ళలో అమెరికాలోని బోస్టన్ నగరము చేరుకున్నాడు. భార్య పుట్టింటివద్దనే ఉండిపోయింది. వీరికి జన్మించిన కుమారుడు పసితనములోనే మరణించాడు. సుబ్బారావు మరల స్వదేశానికి రానేలేదు. భార్యాభర్తలు తిరిగి కలుసుకోలేదు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయములో ఉష్ణమండల వైద్యములో డిప్లొమా పొందాడు. భారతదేశపు ఎల్.ఎం.ఎస్. పట్టాతో అక్కడ వైద్యవృత్తి చేపట్టే అవకాశము లేదు. పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట వార్డు పనివానిగా మలమూత్రపాత్రలు శుభ్రపరిచే పని చేసాడు. 1954లో ప్రపంచములో మొట్టమొదటి విజయవంతమైన మూత్రపిండ మార్పిడి జరిగినది ఈ ఆసుపత్రిలోనే. అప్పటికి సుబ్బారావు మరణించి ఆరేళ్ళు గడిచాయి.

భాస్వరపు కొలత

హార్వర్డ్ వైద్య కళాశాల జీవరసాయన విభాగములో సైరస్ ఫిస్కే వద్ద సుబ్బారావు పరిశోధకునిగా చేరాడు. రక్తములోను, మూత్రములోను ఉన్న భాస్వరాన్ని కొలిచే పద్ధతులు అప్పటికి ఉన్నా అవి నమ్మదగినవిగా ఉండేవి కావు. 1925లో ఫిస్కే, సుబ్బారావులు ప్రకటించిన పద్ధతి ఈ లోపాన్ని తీర్చింది. ముందుగా రక్తము నుండి మాంసకృత్తులను తొలగిస్తారు. మిగిలిన ద్రవానికి ఆమ్లములో కరిగించిన మాలిబ్డేట్ కలిపితే అది ఫాస్ఫేట్‌తో కలిసి ఒక సంయోగ పదార్థముగా మారుతుంది. దానిని అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లముతో క్షయకరణము చేస్తే నీలిరంగు వస్తుంది. భాస్వరము ఎంత ఎక్కువ ఉంటే నీలము అంత గాఢముగా ఉంటుంది. తెలిసిన ద్రావణపు రంగుతో పోల్చి పరిమాణాన్ని లెక్కకడతారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని పేరొందిన ఈ పరీక్ష అనేక దశాబ్దాలపాటు వైద్య విద్యార్థుల ప్రయోగ పుస్తకాలలో నిలిచింది.

ఈ కొలతకు మూత్రపిండాలతో దగ్గరి సంబంధము ఉన్నది. ఆహారము ద్వారా చేరిన భాస్వరములో శరీరానికి మించినదానిని మూత్రపిండాలు బయటకు పంపుతాయి. ఆరోగ్యవంతులైన పెద్దలలో డెసిలీటరు రక్తరసములో భాస్వరము సుమారు 2.5 నుండి 4.5 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నప్పుడు ఇది పెరుగుతుంది. దాని వెంట కాల్షియము సమతౌల్యము తప్పి ఎముకలు బలహీనపడడం, దురద, రక్తనాళాల గోడలలో సున్నము చేరడం వంటి ఇక్కట్లు కలుగుతాయి. అందువలన డయాలసిస్‌పై ఉన్నవారికి ఈ పరీక్ష క్రమముగా చేయవలసి ఉంటుంది. మఠంపల్లి వంటి గ్రామము నుండి కోదాడకో, మిర్యాలగూడకో, సూర్యాపేటకో వెళ్ళి రక్తమిచ్చే మూత్రపిండ రోగి చేతికి వచ్చే కాగితములో భాస్వరపు అంకె ఒకటి ఉంటుంది. నేటి యంత్రాలలో రసాయనాలు కొంత మారినా మాలిబ్డేట్‌తో ఫాస్ఫేట్‌ను పట్టుకునే మూలసూత్రము మారలేదు.

ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టీ.పీ.

కొత్త పద్ధతిని కండరాల రసముపై ప్రయోగించినప్పుడు నీలిరంగు వెంటనే రాక ఆలస్యముగా, కొద్దికొద్దిగా పెరగడం పరిశోధకులు గమనించారు. దీనిని ప్రయోగ దోషముగా కొట్టివేయకుండా కారణము వెదికారు. కండరములో ఫాస్ఫేట్ ఒక అస్థిర పదార్థముగా బంధింపబడి ఉన్నదనీ, ఆమ్లములో అది విడిపోతూ ఉండడమే ఆలస్యానికి కారణమనీ తేలింది. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ఈ విషయము ప్రకటించారు. దాదాపు అదే సమయములో ఇంగ్లాండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఈ పదార్థమును గుర్తించారు. కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అంతవరకు ఉన్న సిద్ధాంతము దీనితో బలహీనపడింది.

1929లో ఫిస్కే, సుబ్బారావులు కండరాల నుండి అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ (ఏ.టీ.పీ.) ను వేరుచేసారు. జర్మనీలో కార్ల్ లోమాన్ అదే సంవత్సరము స్వతంత్రముగా దీనిని కనుగొన్నాడు. సమస్త జీవకణాలలోను శక్తి మారకము ఈ పదార్థము ద్వారానే జరుగుతుందని తరువాతి పరిశోధనలు నిరూపించాయి. 1930లో సుబ్బారావుకు పిహెచ్.డి. పట్టము లభించింది.

ఇంత కృషి చేసినా హార్వర్డ్‌లో ఈయనకు శాశ్వత ఆచార్య పదవి దక్కలేదు. తన కృషిని తానుగా చెప్పుకొనే స్వభావము ఈయనకు లేదు. ఫిస్కే ప్రయోగశాలలోనే పరిశోధన చేసి, తరువాత 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్, సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాల వివరాలు ఫిస్కే అసూయ కారణముగా వెలుగు చూడలేదనీ, వాటిని ఇతరులు ఏళ్ళ తరువాత మరల కనుగొనవలసి వచ్చిందనీ అభిప్రాయపడ్డాడు.

లెడర్లీ ప్రయోగశాలలు

1940లో సుబ్బారావు హార్వర్డ్‌ను వదలి న్యూయార్క్ రాష్ట్రము పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరాడు. ఇది అమెరికన్ సయనమిడ్ కంపెనీకి చెందిన సంస్థ. కొద్దికాలములోనే అక్కడి పరిశోధనలకు సంచాలకుడయ్యాడు. రసాయన శాస్త్రజ్ఞులను, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులను, వైద్యులను ఒకే లక్ష్యము చుట్టూ కూర్చి పనిచేయించడం ఇక్కడ ఈయన సాధించిన ఘనత. పరిశోధనా పత్రాలలో తన పేరుకు బదులు సహచరుల పేర్లు ఉండడానికే ఇష్టపడేవాడు. ఈ కారణముచేత కొన్ని ఆవిష్కరణలలో ఈయన పాత్ర ఎంతో బయటివారికి చాలాకాలము తెలియలేదు.

ఫోలిక్ ఆమ్లము నుండి మెథోట్రెక్సేట్ వరకు

బొంబాయిలోని గర్భిణీ స్త్రీలలో కనిపించే ఒక రకమైన రక్తహీనత ఈస్టు సారముతో తగ్గుతుందని లూసీ విల్స్ అనే వైద్యురాలు 1930 ప్రాంతములో కనుగొన్నది. ఆ సారములోని గుణకారి పదార్థమే ఫోలిక్ ఆమ్లము. దానిని శుద్ధిచేసి, నిర్మాణము తెలుసుకుని, ప్రయోగశాలలో తయారు చేసే పనిని సుబ్బారావు బృందము 1945-46 సంవత్సరాలలో పూర్తి చేసింది. స్ప్రూ వ్యాధిగ్రస్తుల రక్తహీనతను ఈ మందు తగ్గించగలదని వెంటనే ఋజువయింది. తన ఇద్దరు సోదరులను బలిగొన్న వ్యాధికి మందు ఈ విధముగా సుబ్బారావు ప్రయోగశాల నుండే వచ్చింది.

కణాలు విభజన చెందడానికి ఫోలిక్ ఆమ్లము అవసరము. రూపములో దానిని పోలి ఉండి, పనిలో దానికి అడ్డుతగిలే పదార్థాలను తయారు చేస్తే అదుపు తప్పిన కణాల పెరుగుదలను ఆపవచ్చు. ఈ ఆలోచన ఫలితముగా అమినోప్టెరిన్, దాని వెనుకనే అమెథోప్టెరిన్ తయారయ్యాయి. రెండవదానికే తరువాత మెథోట్రెక్సేట్ అను పేరు స్థిరపడింది. బోస్టన్‌లోని పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బర్ లెడర్లీ పంపిన అమినోప్టెరిన్‌ను లుకేమియా (తెల్లరక్తకణాల కాన్సర్) సోకిన పిల్లలకు ఇచ్చాడు. 16 మందిలో 10 మందికి వ్యాధి తాత్కాలికముగా తగ్గుముఖము పట్టిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. మందులతో కాన్సర్‌కు చికిత్స చేయవచ్చునన్న ఆశకు ఇది పునాది వేసింది.

1951లో గుబ్నర్, అతని సహచరులు అమినోప్టెరిన్‌ను కీళ్ళవాతము, సోరియాసిస్ రోగులపై ప్రయోగించి మంచి ఫలితాలు చూసారు. క్రమముగా దాని స్థానాన్ని మెథోట్రెక్సేట్ తీసుకున్నది. కాన్సర్‌లో పెద్ద మోతాదులో కణాలను చంపే ఈ మందు, చిన్న మోతాదులో శోథను అణచివేస్తుంది. చిన్న మోతాదు వలన అడినోసిన్ అనే పదార్థము పెరిగి శోథ తగ్గుతుందని ఒక ముఖ్య వివరణ. సుబ్బారావు వెలికితీసిన ఏ.టీ.పీ.లోని మూల భాగము కూడా ఈ అడినోసినే.

చిన్న రక్తనాళాల శోథ - మూత్రపిండాలు

శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ సొంత రక్తనాళాల గోడలపైనే దాడిచేసే వ్యాధులు కొన్ని ఉన్నాయి. వీటిలో యాంకా అనే ప్రతిదేహాలతో ముడిపడినవి చిన్న రక్తనాళాలను దెబ్బతీస్తాయి. ఈ ప్రతిదేహాలను తొలిసారిగా 1982లో ఆస్ట్రేలియా వైద్యులు గుర్తించగా, 1985లో ఐరోపా పరిశోధకులు వీటికీ అప్పట్లో వెజినర్ వ్యాధి అని పిలిచే రోగానికీ ఉన్న సంబంధాన్ని స్థాపించారు. వెజినర్‌కు నాజీ పార్టీతో ఉన్న సంబంధాలు బయటపడిన తరువాత, 2011 నుండి ఈ వ్యాధిని గ్రాన్యులోమాటోసిస్ విత్ పాలీయాంజైటిస్ అని వ్యవహరిస్తున్నారు. మైక్రోస్కోపిక్ పాలీయాంజైటిస్ అనేది ఇదే కుటుంబానికి చెందిన మరొక వ్యాధి.

ఒక్కొక్క మూత్రపిండములో సుమారు పది లక్షల గ్లోమెరులస్‌లు (రక్తకేశనాళికా గుచ్ఛాలు) ఉంటాయి. రక్తము వడపోత జరిగేది వీటిలోనే. ఇవి పూర్తిగా అతి సన్నని రక్తనాళాలతో కూడినవి కావడం వలన ఈ వ్యాధికి సులభముగా గురవుతాయి. యాంకా ప్రేరణతో తెల్లకణాలు నాళాల గోడలను చీల్చుతాయి. గుచ్ఛము చుట్టూ కణాలు నెలవంక ఆకారములో పేరుకుని దానిని నొక్కివేస్తాయి. మూత్రములో రక్తము, మాంసకృత్తులు కనిపిస్తాయి. రక్తములో క్రియాటినిన్ కొద్దివారాలలోనే పెరిగిపోతుంది. మొదట్లో నొప్పి గాని, స్పష్టమైన బాధ గాని లేకపోవడం వలన చాలామంది ఆలస్యముగా వైద్యుని వద్దకు వస్తారు. కొందరిలో ముక్కునుండి రక్తము, తగ్గని సైనస్ బాధ, దగ్గులో రక్తము, కీళ్ళ నొప్పులు, జ్వరము ముందుగా కనిపిస్తాయి. మూత్రపరీక్ష, యాంకా పరీక్ష, అవసరమైనప్పుడు మూత్రపిండపు ముక్క పరీక్ష (బయాప్సీ) ద్వారా వ్యాధిని నిర్ధారిస్తారు.

చికిత్స లేని రోజులలో ఈ వ్యాధి సోకినవారిలో అత్యధికులు ఒక సంవత్సరములోపే మరణించేవారు. 1970లలో స్టెరాయిడ్‌లతో పాటు సైక్లోఫాస్ఫమైడ్ ఇవ్వడం మొదలైన తరువాత పరిస్థితి మారింది. కాని ఆ మందు వలన మూత్రాశయ కాన్సర్, సంతానలేమి వంటి దుష్ఫలితాలు కలుగుతుండడంతో ప్రత్యామ్నాయముగా 1990ల తొలినాళ్ళలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ వైద్యులు మెథోట్రెక్సేట్‌ను పరీక్షించారు. 2005లో వెలువడిన ఐరోపా అధ్యయనములో, మూత్రపిండాలు తీవ్రముగా దెబ్బతినని తొలిదశ రోగులలో మెథోట్రెక్సేట్‌తో సుమారు 90 శాతము, సైక్లోఫాస్ఫమైడ్‌తో సుమారు 94 శాతము మందికి వ్యాధి అదుపులోకి వచ్చింది. మందులు ఆపిన తరువాత మాత్రము వ్యాధి తిరగబెట్టడం మెథోట్రెక్సేట్ వాడినవారిలోనే ఎక్కువ.

మూత్రపిండాలు తీవ్రముగా దెబ్బతిన్నవారికి మెథోట్రెక్సేట్ పనికిరాదు. ఈ మందు శరీరము నుండి ప్రధానముగా మూత్రపిండాల ద్వారానే బయటకు పోతుంది. అవి పనిచేయనప్పుడు రక్తములో నిలిచిపోయి ఎముకమూలుగను, నోటి పొరలను దెబ్బతీసి ప్రాణాపాయము కలిగిస్తుంది. కనుక అట్టివారికి స్టెరాయిడ్‌లతో పాటు సైక్లోఫాస్ఫమైడ్ గాని, రిటుక్సిమాబ్ గాని ఇస్తారు. రిటుక్సిమాబ్ సైక్లోఫాస్ఫమైడ్‌కు తీసిపోదని 2010లో రెండు అధ్యయనాలు చూపాయి.

వ్యాధి అదుపులోకి వచ్చిన తరువాత తిరగబెట్టకుండా ఇచ్చే మందులలో మెథోట్రెక్సేట్, అజతయోప్రిన్ ముఖ్యమైనవి. ఈ రెండూ ఇంచుమించు సమానముగా పనిచేస్తాయని 2008లో ఫ్రాన్సు పరిశోధకులు ప్రకటించారు. అజతయోప్రిన్ హిచింగ్స్, గెర్‌ట్రూడ్ ఎలియన్‌ల కృషి ఫలితము. అనగా ఫిస్కే ప్రయోగశాలలో పనిచేసిన ఇద్దరు శాస్త్రజ్ఞుల బృందాల నుండి వచ్చిన రెండు మందులు ఒకే వ్యాధి చికిత్సలో పక్కపక్కన నిలిచాయి. సుబ్బారావు స్వయముగా రక్తనాళాల శోథపై పరిశోధన చేయలేదు.

శోథ వ్యాధులలో మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్కసారి మాత్రమే ఇస్తారు. పొరపాటున రోజూ మింగినవారు మరణించిన సందర్భాలు ఉన్నాయి. దుష్ఫలితాలు తగ్గడానికి దీనితోపాటు ఫోలిక్ ఆమ్లము కూడా వ్రాస్తారు. ఆ విధముగా ఒకే మందుచీటీలో సుబ్బారావు బృందము తయారుచేసిన పదార్థము, దాని విరోధి రెండూ కనిపిస్తాయి.

ఇతర మందులు

1947లో లెడర్లీ పరిశోధకులు డైఇథైల్ కార్బమజిన్ (హెట్రజాన్) అనే మందును ప్రకటించారు. ఇది బోదకాలు కలిగించే ఫైలేరియా క్రిములపై పనిచేస్తుంది. ఇదే మందును భారత ప్రభుత్వము 2004 నుండి వ్యాధి ప్రబలిన జిల్లాలలో సామూహికముగా పంపిణీ చేసింది. టెట్రాసైక్లిన్ కుటుంబములో మొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనుగొన్నాడు. సుబ్బారావు సంచాలకునిగా ఉన్న కాలములోనే ఈ పరిశోధన జరిగి 1948లో మందు వెలుగులోకి వచ్చింది.

వ్యక్తిత్వము, మరణము

సుబ్బారావు నిరాడంబరుడు. సంపాదనలో అధిక భాగము ఇతరుల సహాయానికే వినియోగించాడు. భారతీయులు అమెరికా పౌరసత్వము పొందడానికి 1946 నాటి చట్టము వీలు కల్పించినా, ఆ పౌరసత్వము తీసుకోకుండానే కన్నుమూసాడు. 1948 ఆగష్టులో న్యూయార్క్‌లో తన నివాసములో నిద్రలోనే గుండెపోటుతో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. ఫార్బర్ ఫలితాలు వెలువడి రెండు నెలలు మాత్రమే అయింది. మెథోట్రెక్సేట్ కీళ్ళవాతానికి, రక్తనాళాల శోథకు పనికివస్తుందన్న సంగతి ఆయనకు తెలిసే అవకాశము లేకపోయింది.

గుర్తింపు

జీవించి ఉన్న కాలములో సుబ్బారావుకు దక్కిన గుర్తింపు స్వల్పము. నోబెల్ బహుమతి రాలేదు. ఒక శిలీంధ్ర ప్రజాతికి శాస్త్రజ్ఞులు 1953లో ఈయన పేరుమీద సుబ్బారోమైసిస్ అని నామకరణము చేసారు. శతజయంతి సందర్భముగా 1995లో భారత తపాలా శాఖ ఒక స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది. ఫోలిక్ ఆమ్లము, మెథోట్రెక్సేట్, డైఇథైల్ కార్బమజిన్ మూడూ ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నాయి.

ఇవి కూడా చూడండి

- ఫోలిక్ ఆమ్లము
- మెథోట్రెక్సేట్
- మూత్రపిండము
- బోదకాలు
- ఆచంట లక్ష్మీపతి